పరిచర్య, పరిత్యాగం

ఆసుపత్రులలో పనిచేసే నర్సులు ఉద్యోగం మానుకోవాలని ఎందుకు తలపోస్తారు? ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినవస్తుంటాయి. జీతం చాలక అనేది మొదటిది; సేవాభావం సన్నగిల్లి అనేది రెండవది. మొదటిది లెక్కల పద్దులో నుంచి వస్తుంది, రెండవది ఉపన్యాస వేదిక మీది నుంచి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే నర్సు మనసులో అసలేమి జరుగుతున్నదో చూడకుండానే ఈ రెండూ దాటిపోతాయి. పని మీద ఇష్టం లేక మానేవారు ఏ వృత్తిలోనైనా ఉంటారు. వారి సంగతి ఇక్కడ అంతగా చర్చనీయం కాదు. పని మీద ఇష్టం ఉండి, పని చేతనై, పదేళ్లో పదిహేనేళ్లో చేసి, ఒకనాడు రాజీనామా కాగితం రాసుకొని సంచిలో పెట్టుకు తిరిగే మనిషి సంగతి వేరు. ఆమె విషయంలో ఇది ఉద్యోగానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, ధర్మానికి సంబంధించినది కూడా. ఒక వృత్తి కోరే ధర్మాన్ని ఆ వృత్తిలో ఉండి నెరవేర్చడం సాధ్యం కానప్పుడు, అందులోనే ఉండిపోవడం ధర్మమా, విడిచి వెళ్లడం ధర్మమా?

భారతీయ వైద్య సంప్రదాయం పరిచారకునికి ఇచ్చిన స్థానం చిన్నది కాదు. చరకసంహిత సూత్రస్థానంలోని తొమ్మిదవ అధ్యాయం చికిత్సకు నాలుగు పాదాలను చెబుతుంది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. నాలుగింటిలో వైద్యుడే ప్రధానమని ఆ గ్రంథం అంటుంది గాని, మిగిలిన మూడూ లేకుండా అతడొక్కడే చికిత్సను నడపగలడని అనలేదు. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు చెప్పింది. పరిచారకునికి ఉండవలసినవి పరిచర్య తెలిసి ఉండటం, పనిలో నేర్పు, తాను సేవించే వ్యక్తి పట్ల అనురాగం, శుచిత్వం. ఈ నాలుగింటిలో మూడు నేర్పదగినవి, పరీక్షించదగినవి. అనురాగం అటువంటిది కాదు. దానికి సిలబస్ లేదు. ఉత్తర్వు జారీ చేసి దానిని పుట్టించలేరు. అయినా అది లేని పరిచర్యను పరిచర్య అనరు.

ఈ ప్రకరణాన్ని ఉదహరించేవారు సాధారణంగా పరిచారకుని గుణాల దగ్గరే ఆగిపోతారు. దాని పక్కనే ఔషధానికి చెప్పిన గుణాలలో మొదటిది సమృద్ధి అన్న సంగతి అంతగా ఎవరూ ప్రస్తావించరు. పదిహేనవ అధ్యాయంలో చికిత్సాగృహాన్ని వర్ణిస్తూ, అక్కడ సమకూర్చవలసిన పాత్రలు, పడకలు, ఆహార పదార్థాల పట్టికతో పాటు మనుషుల పట్టిక కూడా ఇచ్చారు. వండేవారు, స్నానం చేయించేవారు, ఒళ్లు పట్టేవారు, లేవనెత్తి కూర్చోబెట్టేవారు, మందులు నూరేవారు, చివరకు రోగికి కాలక్షేపం కోసం పాటలు పాడేవారు, కథలు చెప్పేవారు కూడా అందులో ఉన్నారు. అంటే అనురాగాన్ని ఆశించిన ఆ గ్రంథమే దానికంటే ముందు చేతినిండా సామగ్రిని, చాలినంతమంది మనుషులను అడిగింది. ఖాళీ బీరువా ముందు ఒక్క మనిషిని నిలబెట్టి అనురాగం చూపమని అనలేదు.

ఆధునిక నర్సింగ్ వృత్తి పుట్టుకలోనే సేవకూ ఉద్యోగానికీ మధ్య ఒక పేచీ ఉంది. క్రిమియా యుద్ధకాలంలో, 1854లో, స్కుటారి సైనికాసుపత్రికి వెళ్లి, ఆపైన 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో శిక్షణాలయాన్ని నెలకొల్పిన ఫ్లారెన్స్ నైటింగేల్ నర్సింగ్‌ను పనివారి చాకిరీ స్థాయి నుంచి శిక్షణ గల వృత్తిగా ఎత్తింది. కాని అదే నైటింగేల్, నర్సులకు పరీక్షలు పెట్టి ప్రభుత్వ రిజిస్టరులో పేర్లు నమోదు చేయాలన్న ఉద్యమాన్ని 19వ శతాబ్ది చివరలో గట్టిగా వ్యతిరేకించింది. శీలాన్ని పరీక్ష పత్రంతో కొలవలేమన్నది ఆమె వాదం. ఆ వాదం ఓడిపోయింది. బ్రిటన్‌లో 1919లో నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. అయితే పూర్తిగా ఓడిపోయిందనీ చెప్పలేము. నర్సు జీతం పెంచమని అడిగినప్పుడల్లా ఆమె శీలాన్నీ త్యాగాన్నీ పొగడటం నేటికీ కొనసాగుతూనే ఉంది. నైటింగేల్ త్యాగాన్ని మాత్రమే బోధించిందనుకోవడం కూడా పొరపాటే. నర్సింగ్ గురించి ఆమె రాసిన చిన్న పుస్తకంలో నిర్వహణకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. నర్సు దగ్గర ఉన్నప్పుడు జరిగే పని, ఆమె దగ్గర లేనప్పుడు కూడా జరిగేలా ఏర్పాటు ఉండాలన్నది దాని సారాంశం. ఒక మనిషి నిద్ర మానుకుంటేనే నిలిచే వ్యవస్థను ఆమె వ్యవస్థగా లెక్కించలేదు.

భారతదేశంలో ఈ వృత్తికి మరొక బరువు తోడయింది. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1871లో నర్సుల శిక్షణ ఆరంభమైంది. గుంటూరుకు 1883లో వచ్చిన అమెరికన్ లూథరన్ మిషనరీ వైద్యురాలు అన్నా కుగ్లర్ అక్కడ స్త్రీలకూ పిల్లలకూ స్థాపించిన ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. అటువంటి మిషన్ ఆసుపత్రులే అనేక ప్రాంతాలలో స్థానిక స్త్రీలకు ఈ పనిని నేర్పాయి. నేర్చుకోవడానికి వచ్చినవారిలో క్రైస్తవ కుటుంబాల స్త్రీలు, వితంతువులు, వేరే ఆధారం లేనివారు ఎక్కువ. కారణం అందరికీ తెలిసినదే. నెత్తురు, చీము, మలమూత్రాలు ముట్టుకునే పనిని మైల అనుకున్న సమాజం, ముక్కూ మొహం తెలియని పురుషులను తాకే పనిని, రాత్రిపూట ఇంటి బయట ఉండే పనిని స్త్రీకి తగనిదిగా భావించింది. తన ఇంటి రోగి మంచం పక్కన రాత్రంతా కూర్చునే కోడలిని మెచ్చుకున్న ఆ సమాజమే, ఊరివారి రోగుల పక్కన రాత్రంతా కూర్చునే స్త్రీకి సంబంధం చూడటానికి వెనుకాడింది. 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ లెక్క ప్రకారం అప్పటికి దేశంలో ఉన్న నర్సులు సుమారు 7,000 మంది; అంటే 43,000 మంది జనాభాకు ఒక్కరు. ఈ లెక్కను ఆర్థిక వెనుకబాటుతనంగా మాత్రమే చదవడం చాలదు. వైద్యుల సంఖ్య దానికి ఎన్నో రెట్లు ఉన్నదని గుర్తుంచుకుంటే, ఆ అంకె వెనుక ఉన్న చిన్నచూపు కూడా కనిపిస్తుంది.

చిన్నచూపు ఉన్నచోటే పెద్ద బిరుదులు కూడా పుడతాయి. నర్సును 'సిస్టర్' అని పిలవడం ఐరోపాలోని క్రైస్తవ సన్యాసినుల మఠాల నుంచి వచ్చిన అలవాటు. అది తెలుగునాట 'సిస్టరమ్మ' అయింది. పల్లె నుంచి వచ్చిన వృద్ధుడు మనుమరాలి వయసున్న అమ్మాయిని అలా పిలిచినప్పుడు అందులోని ఆర్ద్రతను ఎవరూ కాదనలేరు. కాని చుట్టరికపు పిలుపులో ఒక చిక్కు ఉంది. తోబుట్టువు చేసిన పనికి కూలి కట్టరు. ఆమె అలసిపోయిందా అని లెక్క చూడరు. ఆమె కోపగించుకుంటే అది ఉద్యోగి అసంతృప్తి కాదు, అక్కచెల్లెలి కఠినత్వం. వైద్యుడు రుసుము అడిగితే అది వృత్తి. నర్సు వేతనం అడిగితే అది బంధుత్వ ద్రోహం.

నిష్కామకర్మ అనే గొప్ప భావనకు కూడా ఇటువంటి దుర్వినియోగమే పట్టింది. ఫలాన్ని ఆశించక కర్తవ్యం నెరవేర్చమనే బోధను నర్సుల సన్మానసభలలో ఉటంకించడం పరిపాటి. ఆ బోధ ఎవరు ఎవరికి చెప్పినదో ఆలోచిస్తే దానిని వాడే తీరులోని లోపం తెలుస్తుంది. ఫలాపేక్ష విడవడం కర్త తన మనసుకు తాను విధించుకునే నియమం. యజమాని కర్తకు విధించే షరతు కాదు. పనిచేసే మనిషి ఫలం కోరకపోవడం ఆమె ఔన్నత్యం. పనిచేయించుకునే మనిషి ఫలం ఇవ్వకపోవడం మాత్రం వట్టి ఎగవేత. మొదటిదాన్ని చూపి రెండవదాన్ని సమర్థించడం తత్త్వశాస్త్రం ఎంతమాత్రం కాదు.

ఇక ఆసుపత్రి వార్డులోకి వెళ్లి చూడవలసి ఉంది. బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆసుపత్రులలో ఐదుగురికి ఒకరు, తీవ్రచికిత్సా విభాగంలో మంచానికి ఒకరు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణాలు చెబుతాయి. రద్దీ గల పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసినవారెవరూ ఈ అంకెలను నవ్వుకోకుండా చదవలేరు. నలభై పడకల వార్డులో, పడకల మధ్య నేల మీద పరచిన చాపల మీది రోగులను కూడా కలుపుకుని, రాత్రంతా ఇద్దరు నర్సులు, కొన్నిచోట్ల ఒక్కరే ఉంటారు. రాత్రి పది గంటల ఇంజెక్షన్లు పూర్తయ్యేసరికి పదకొండు దాటుతుంది. ఒక మూల సెలైన్ సీసా అయిపోవస్తూ ఉంటుంది. మరొక మూల శస్త్రచికిత్స అయిన మనిషికి వాంతులు మొదలవుతాయి. మధ్యలో కొత్త కేసు వస్తుంది. దానితో పాటు ఆందోళనతో ఉన్న ఏడెనిమిది మంది బంధువులు వస్తారు. కేస్ షీట్లలో ప్రతి రెండు గంటలకు నాడి, రక్తపు పోటు రాయాలి. పక్షవాతం వచ్చిన రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపున పుండు పడుతుందని నర్సుకు తెలుసు. ఆ సంగతి ఆమెకు శిక్షణ తొలి సంవత్సరంలోనే నేర్పారు. తిప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి, పది నిమిషాలు కావాలి. ఆమె దగ్గర ఆ రెండూ లేవు. నాలుగు రోజుల తరువాత ఆ వీపున పుండు పడుతుంది. దానికి కట్టు కట్టేదీ ఆమే.

ఈ చివరి సంగతి దగ్గర కొంచెం ఆగవలసి ఉంది. ఎందుకంటే అలసట అనే మాట ఇక్కడ సరిపోదు. అలసటకు సెలవు మందు. రెండు రోజులు నిద్రపోతే శరీరం తేరుకుంటుంది. తాను చేయవలసినది ఏమిటో స్పష్టంగా తెలిసి, చేసే నేర్పు ఉండి, పరిస్థితులు చేయనివ్వక, దాని ఫలితాన్ని తన కళ్లతో చూస్తూ ఉండటం వేరే జాతి బాధ. అమెరికన్ తత్త్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్ 1984లో నర్సింగ్ వృత్తిలోని నైతిక సమస్యలపై రాసిన గ్రంథంలో దీనిని విడదీసి చూపి పేరు పెట్టాడు. తెలుగులో దానిని నైతిక వేదన అనవచ్చు. ఏది ఉచితమో తెలియక పడే ధర్మసందేహం వేరు, తెలిసి కూడా సంస్థాగతమైన అడ్డంకుల వల్ల ఆచరించలేక పడే వేదన వేరు అని అతడు వివరించాడు. ధర్మసందేహం కథలలోకి ఎక్కుతుంది. పురాణేతిహాసాలలో దానికి లెక్కలేనన్ని ఉదాహరణలున్నాయి. నైతిక వేదనకు కథ లేదు. అది ప్రతి రాత్రీ కొంచెం కొంచెంగా పేరుకుంటుంది. మొదటి పుండును చూసి కన్నీళ్లు పెట్టుకున్న అమ్మాయి ఇరవయ్యవ పుండును చూసి రిజిస్టరులో రాసి ముందుకు సాగుతుంది. తనలో ఈ మార్పు వచ్చిందని ఆమె గమనించిన రోజే బహుశా ఉద్యోగం మానాలన్న ఆలోచన మొదటిసారి వస్తుంది. ఆ భయం రోగిని గురించి కాదు, తనను గురించే. చరకుడు చెప్పిన నాలుగు గుణాలలో ఒకటి తనలో నుంచి జారిపోతున్నదన్న భయం అది.

మనోవిశ్లేషకురాలు ఇసబెల్ మెంజీస్ లండన్‌లోని ఒక బోధనాసుపత్రిలో నర్సుల వ్యవస్థను పరిశీలించి, 1960లో ప్రచురించిన పత్రం ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. మృత్యువుకూ బాధకూ అంత దగ్గరగా మసలే పనిలో కలిగే ఆందోళనను తట్టుకోవడానికి ఆసుపత్రి కొన్ని పద్ధతులను అలవరచుకుంటుందని ఆమె గమనించింది. రోగి ఒక్కరే అయినా అతని పరిచర్యను ముక్కలు చేసి పలువురికి పంచడం, రోగిని పేరుతో కాక మంచం నంబరుతోనో జబ్బుపడిన అవయవంతోనో పిలవడం, నర్సులను ఒక వార్డు నుంచి మరొక వార్డుకు తరచుగా మార్చడం వంటివి అందులో కొన్ని. వీటి ఉద్దేశం నర్సును రోగి బాధ నుంచి కాపాడటం. ఫలితం మాత్రం నర్సును రోగి నుంచి దూరం చేయడమే అయింది. శిక్షణకు చేరిన విద్యార్థినులలో దాదాపు మూడోవంతు మంది మధ్యలోనే వెళ్లిపోతుండేవారు. అలా వెళ్లిపోయేవారిలో మెరుగైన విద్యార్థినులే తరచుగా కనిపించారన్నది ఆ పరిశీలనలో అందరినీ ఆలోచింపజేయవలసిన అంశం. పనితో ఎక్కువ ముడిపడిన మనసే ముందుగా తెగుతుంది. ఉండిపోయినవారందరూ మొద్దుబారినవారని దీని అర్థం కాదు. కాని వెళ్లినవారందరూ సేవాభావం లేనివారన్న మాట మాత్రం దీని ముందు నిలవదు.

జీతం ప్రసక్తి దీనికి బయటిది కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో శాశ్వత ఉద్యోగం దొరికిన నర్సుకూ, ప్రైవేటు ఆసుపత్రిలో అదే పని చేసే నర్సుకూ వేతనాలలో చాలా తేడా ఉంటుంది. నర్సింగ్ కోర్సు కోసం కుటుంబం చేసిన అప్పు ఉంటుంది. పైగా, మధ్యలో మానకుండా బాండు రాయించుకుని, అసలు సర్టిఫికెట్లను ఆసుపత్రి దగ్గరే పెట్టుకునే దురాచారం ఒకటి దేశంలో చాలాచోట్ల సాగింది. వెళ్లిపోయే స్వేచ్ఛ లేనిచోట ఉండిపోవడాన్ని సేవ అనడం భాషకే అన్యాయం. 2011లో కేరళలో నర్సులు కొత్తగా సంఘటితమై చేసిన సమ్మెలకు ఈ పరిస్థితులే మూలం. భారత శిక్షిత నర్సుల సంఘం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2016 జనవరి 29న తీర్పు ఇస్తూ, ప్రైవేటు ఆసుపత్రులలోని నర్సుల స్థితిగతుల పరిశీలనకు కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. 200 పడకలు మించిన ఆసుపత్రులలో రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానమైన వేతనం ఉండాలనీ, ఎంత చిన్న ఆసుపత్రిలోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదనీ ఆ కమిటీ సిఫారసు చేసింది. కేరళ ప్రభుత్వం 2018లో ఆ కనీస మొత్తాన్ని నోటిఫై చేసింది. సిఫారసును అమలు చేయవలసింది రాష్ట్రాలు కావడం వల్ల తక్కినచోట్ల దాని గతి రకరకాలుగా ఉంది.

కోవిడ్ సంవత్సరాలు ఈ మొత్తం చిత్రాన్ని వెలుగులోకి తెచ్చాయి. 2020 సంవత్సరాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించింది. అది నైటింగేల్ ద్విశతజయంతి సంవత్సరం కూడా. ఆ సంవత్సరం మార్చిలో ప్రజలు వైద్యసిబ్బంది గౌరవార్థం గుమ్మాలలో నిలబడి చప్పట్లు చరిచారు. మే నెలలో కోల్‌కతాలోని ప్రైవేటు ఆసుపత్రుల నుంచి మూడు వందల మందికి పైగా నర్సులు రాజీనామా చేసి స్వరాష్ట్రాలకు వెళ్లిపోయారు. వారిలో అధికులు మణిపూర్ యువతులు. రక్షణ సామగ్రి చాలకపోవడం, జీతాలు సరిగా అందకపోవడం, అద్దె ఇళ్లవారూ ఇరుగుపొరుగువారూ చూసిన తీరు, ముఖకవళికలను బట్టి చేసిన అవమానాలు వారు అప్పట్లో పత్రికలకు చెప్పిన కారణాలు. యుద్ధం మధ్యలో సైనికులు వెళ్లిపోయినట్లుగా దానిని కొందరు విమర్శించారు. పోలిక పైకి బలంగానే ఉంది. అయితే సైనికునికి తుపాకి ఇచ్చి పంపుతారు, తిరిగివస్తే ఊరివారు వీధి చివరిదాకా ఎదురువెళ్తారు. ఈ యువతులను వీధిలోకే రానివ్వలేదు.

దీనికి తలకిందులైన ఉదాహరణ కూడా ఉంది. కోవిడ్ కాలంలో తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రులలో తాత్కాలికంగా నియమితులైన నర్సులలో పదహారు వందల మందికి పైగా 2021 జూలైలో ఒక్కసారిగా ఉద్యోగాలు కోల్పోయారు. తరువాత శాశ్వత పోస్టులకు నియామకాలు జరిగి, 2024 జనవరిలో దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు అందిన మాట నిజమే. కాని ఇక్కడ భాషలోని ఒక తేడా గమనార్హం. నర్సు ఆసుపత్రిని విడిచివెళితే దానికి పరిత్యాగమనీ, కర్తవ్య విముఖత అనీ పేర్లున్నాయి. ఆసుపత్రి నర్సును విడిచిపెడితే దానిని కాలపరిమితి ముగియడం అంటారు. విధేయత అనేది ఒకవైపు నుంచి మాత్రమే రావలసినదైతే దానిని విధేయత అనరు, వెట్టి అంటారు.

ఇంతవరకు చెప్పినదంతా వెళ్లేవారి పక్షం. మంచం మీది మనిషి పక్షం కూడా ఉంది. అది బలమైనది. అతనికి వేతన సంఘాలతో, నియామక నియమాలతో పని లేదు. దాహమేస్తే నీళ్లు అందించే చేయి కావాలి. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రులలో శస్త్రచికిత్స జరిగిన రోగులను పరిశీలించి లిండా ఐకెన్, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన అధ్యయనం, నర్సు మీద అదనంగా పడే ఒక్కొక్క రోగితో ముప్ఫై రోజులలోగా మరణించే ప్రమాదం 7 శాతం పెరిగినట్లు, నర్సులు పనిలో మానసికంగా కుంగిపోయే అవకాశం 23 శాతం పెరిగినట్లు తేల్చింది. ఈ రెండు అంకెలూ ఒకే పట్టికలో ఉండటం యాదృచ్ఛికం కాదు. నర్సును వెళ్లగొట్టేదీ, రోగిని చంపేదీ ఒకే కొరత. అయితే ఇందులోనే వెళ్లే నర్సుకు తప్పించుకోరాని ప్రశ్న కూడా ఉంది. ఆమె వెళితే ఆమె రోగులు ఆవిరైపోరు. వారు పక్క నర్సు వంతుకు వస్తారు. తన మనస్సాక్షిని కాపాడుకోవడానికి ఆమె చెల్లించే మూల్యంలో కొంత భాగం వేరొకరి ఖాతాలో పడుతుంది.

దీనికి పూర్తి సమాధానం లేదు. ఒక భేదం మాత్రం చూపవచ్చు. డ్యూటీ మధ్యలో వార్డు విడిచి వెళ్లడం వేరు, గడువు ఇచ్చి ఉద్యోగం విడిచి వెళ్లడం వేరు. షిఫ్టు మారేటప్పుడు వెళ్లే నర్సు వచ్చే నర్సుకు మంచం మంచం దగ్గరా నిలబడి, ఎవరికి ఏ మందు పడింది, ఎవరికి జ్వరం తగ్గలేదు, ఎవరిని కనిపెట్టి ఉండాలి అని అప్పగించాకనే కదులుతుంది. వచ్చే మనిషి రాకపోతే ఆమె కదలదు. ఈ నియమాన్ని ఎంత విసిగిపోయిన నర్సు అయినా సామాన్యంగా తప్పదు. రోగి పట్ల ఆమె రుణం ఆ అప్పగింతతో ముగుస్తుంది. అప్పగించుకోవడానికి రెండవ మనిషిని నిలబెట్టే బాధ్యత ఆమెది ఎన్నడూ కాదు. జీవితాంతం ఎవరూ రిలీవు చేయని డ్యూటీని వృత్తి అనలేము. విదేశాలకు వెళ్లే నర్సులకూ ఇదే వర్తిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో నర్సుల కొరత 58 లక్షలు. సంపన్న దేశాల నర్సులలో 23 శాతం మంది పరదేశాలలో పుట్టినవారు. అదే సంస్థ 2010లో ఆమోదించిన నియమావళి, కొరత ఉన్న దేశాల నుంచి ధనిక దేశాలు నర్సులను లాగుకోవడాన్ని ప్రశ్నిస్తుంది గాని, వలసవెళ్లే వ్యక్తి హక్కును ప్రశ్నించదు. గల్ఫ్‌లో, బ్రిటన్‌లో, అమెరికాలో పనిచేస్తున్న మలయాళీ, తెలుగు నర్సులు పరిచర్యను విడిచిపెట్టలేదు. పరిచర్య చేయనిచ్చే చోటు వెతుక్కున్నారు.

ఉండిపోయినవారి గాథలలో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సులది తలచుకోక తప్పదు. 1973 నవంబరు 27న ఆ ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ డ్యూటీ ముగించుకుని నేలమాళిగలో బట్టలు మార్చుకుంటుండగా అక్కడి పారిశుద్ధ్య ఉద్యోగి ఆమెపై పాశవికంగా దాడి చేశాడు. మెదడుకు ప్రాణవాయువు అందక అచేతనురాలైన ఆమె 2015 మే 18న మరణించేవరకు అదే ఆసుపత్రిలో ఉంది. దాదాపు నలభై రెండేళ్లు, తరం తరువాత తరం నర్సులు ఆమెకు అన్నం తినిపించారు, స్నానం చేయించారు, పక్కకు తిప్పారు. ఆమె ఒంటి మీద పడకపుండ్లు లేకపోవడాన్ని వైద్యులు సుప్రీంకోర్టు దృష్టికి తెచ్చారు. ఆ మంచాన్ని ఖాళీ చేయించాలని 1980లలో నగరపాలక సంస్థ తలపెట్టినప్పుడు నర్సులు ఎదురుతిరిగి మాన్పించారు. ఆమెకు కారుణ్య మరణం కోరుతూ వచ్చిన పిటిషన్‌ను 2011 మార్చి 7న కొట్టివేస్తూ న్యాయస్థానం, ఆమె ఆత్మీయులు ఆ ఆసుపత్రి సిబ్బందేనని భావించింది.

త్యాగానికి నిదర్శనంగా ఈ గాథను చెప్పుకోవడం పరిపాటి. అది న్యాయమే. కాని ఆ పరిచర్య ఎలా సాధ్యమైందో కూడా చూడాలి. ఒక రోగి, ఒక గది, ఆమె కోసం వంతులు వేసుకున్న అనేకమంది చేతులు. ఏ ఒక్క నర్సూ నలభై రెండేళ్లు ఆ భారం మోయలేదు. ఒకరు పదవీ విరమణ చేస్తే మరొకరు అందుకున్నారు. అనురాగం అక్కడ వ్యక్తుల గుణంగా మాత్రమే కాక ఒక ఏర్పాటుగా నిలిచింది. ఇక ఆ గాథకు మొదటి వాక్యం ఒకటుంది. దానిని చాలామంది తొందరగా దాటేస్తారు. అంత పెద్ద ఆసుపత్రిలో నర్సులు బట్టలు మార్చుకోవడానికి భద్రమైన గది లేకపోయింది. 1973లో ఆ దాడి తరువాత బొంబాయి నర్సులు పని ఆపి అడిగిన వాటిలో తమ పనిపరిస్థితులు మెరుగుపరచాలన్నది కూడా ఉంది. యాభై ఏళ్లు గడిచాక, 2024 ఆగస్టులో కోల్‌కతాలోని ఒక వైద్యకళాశాల ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలి హత్యపై విచారణ జరిపిన సుప్రీంకోర్టు, వైద్యసిబ్బంది భద్రతకు జాతీయ కార్యదళాన్ని నియమిస్తూ అరుణా శాన్‌బాగ్ పేరును మళ్లీ తలచవలసి వచ్చింది.

నర్సు మీది రోగుల సంఖ్యకు చట్టమే హద్దు విధించిన చోట్లు ప్రపంచంలో లేకపోలేదు. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలులో పెట్టింది. అక్కడ సాధారణ వార్డులో ఒక నర్సుకు ఐదుగురికి మించి రోగులను అప్పగించరాదు. భారతదేశంలో ప్రమాణాలున్నాయి గాని వాటిని మీరితే ఎవరికీ శిక్ష లేదు. రిజిస్టరైన నర్సింగ్ సిబ్బంది సంఖ్య 33 లక్షలు దాటిందని చెప్పే లెక్కలో వృత్తి మానినవారి పేర్లు, దేశం విడిచినవారి పేర్లు కూడా కలిసి ఉంటాయి. ఎంతమంది చేరారో రిజిస్టరు చెబుతుంది. ఎంతమంది, ఎందుకు వెళ్లారో చెప్పదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన నర్సింగ్, మంత్రసాని వృత్తి కమిషన్ చట్టం ఎప్పటికప్పుడు సరిచూసే రిజిస్టరును కోరుతున్నది. వెళ్లినవారి సంఖ్య దానితో తెలియవచ్చు. కారణం మాత్రం రాజీనామా పత్రంలోనే ఉండాలి. అక్కడ సాధారణంగా ఒకే వాక్యం ఉంటుంది: వ్యక్తిగత కారణాల వల్ల. దానిపై సంతకం చేసి ఫైలు మూసే అధికారి, ఆ కాగితంతో పాటు గత మూడు నెలల డ్యూటీ పట్టికను, ఆ వార్డులో రాత్రిపూట ఉన్న రోగుల సంఖ్యను కూడా తెప్పించుకుని చూడటానికి ఏ నియమమూ అడ్డురాదు.